బ్రేకు నొక్కని మాల్యాద్రి

మనమంతా మద్రాసు కింద ఉన్న రోజులవి. కంభానికి మోటారు బస్సు వచ్చినాక, ఎద్దులబండి తోలే మాల్యాద్రికి బాడుగలు పోయినాయి. సరిగ్గా అప్పుడే పోస్టుమాస్టరు, అర్ధవీడుకు ఉత్తరాలు తీసకపోయే పని సైకిలు తొక్కడం వచ్చినోడికి ఇస్తానన్నాడు. గడువు ఎనిమిది రోజులు. మాల్యాద్రి అద్దెకొక సైకిలు తెచ్చుకున్నాడు గానీ, నేర్పేదెవరు?

చెంచుల పోలయ్య నేర్పినాడు. ఫారెస్టు గార్డు సైకిలు కొండెక్కిచ్చీ దించీ పోలయ్యకు తొక్కుడు పట్టుబడింది. తేనె అమ్ముకునేదానికి వచ్చినోడు కుండ పక్కన పెట్టి, చెరువుకట్ట మీద మాల్యాద్రి సీటు పట్టుకున్నాడు.

తొక్కుడు రెండు రోజుల్లో వచ్చేసింది. ఆపుడే రాలా. ముప్పయ్యేళ్లు ఎద్దుల్ని తోలిన చెయ్యి కదా! ఎదురుగా మనిషి కనపడితే చాలు, "హో... హో!" అని అరిచి, హ్యాండిలు పగ్గంలాగా ఎనక్కి గుంజుతాడు. సైకిలు పోయి కంపచెట్లలో పడ్తాది.

"దానికి చెవుల్లేవన్నా! బ్రేకు నొక్కు!"

"నోరే ముందు లేస్తాది పోలయ్యా, ఏం జేసేది?"

చూసేదానికి వచ్చినోళ్లు కడుపు పట్టుకుని నవ్వినారు. కూరగాయల కాశమ్మ అయితే, "మాల్యాద్రన్నా, రోంత గడ్డేసి చూడు, నిలబడ్తాదేమో!" అనింది. ఆ నవ్వినోళ్లే కంపలోంచి లేపి ముళ్లు తీసినారు. తీసినాక, "నాకూ సైకిలు ఒక చుట్టు ఇయ్యరాదా?" అని పోలయ్యను అడిగినారు. పోలయ్య ఎవర్నీ కాదనలా.

ఏడో రోజు కూడా కంపే. మాల్యాద్రి తల పట్టుకుని కూలబడినాడు.

"రేపు పోస్టుమాస్టర్నే గుద్దుతా. పని పోయినట్టే."

పోలయ్య అతని వేళ్లు పట్టుకుని బ్రేకు మీద పెట్టినాడు. "అన్నా, నువ్వు అరుపు మానుకోబాక. అరుస్తానే ఉండు. అరిచినప్పుడల్లా బ్రేకు మీద వేళ్లు ముడువు. అంతే."

ఇంక పొద్దుగూకేదాకా అదే పని. "హో" అంటే వేళ్లు, "హో" అంటే వేళ్లు.

మర్నాడు పోస్టాఫీసు కాడ ఊరంతా చేరింది. మాల్యాద్రి సర్రున వచ్చినాడు. పోస్టుమాస్టరు పొట్టకు బెత్తెడు దూరంలో, "హో!" అన్నాడు. సైకిలు నిలబడింది.

"అరిచేదేందయ్యా?"

"అరిస్తేనే ఆగుతాది సార్."

పోస్టుమాస్టరు నవ్వు ఆపుకోలేక, ఉత్తరాల సంచి తనే తెచ్చి మాల్యాద్రి భుజానికి తగిలిచ్చినాడు. జనం వేసిన ఈలలకు కట్ట మీది కొంగలు లేచిపోయినాయి.

ఆదివారం తెల్లారేసరికి కట్ట మీద పదిమంది కాసుకోనుండారు, సైకిలు నేర్చుకునేదానికి. అంతలో పంచె ఎగ్గట్టుకుని పోస్టుమాస్టరు నేరుగా సైకిలు కాడికొచ్చినాడు.

"నాకూ రాదయ్యా. ఎవరికీ చెప్పబాకండి!"

పోలయ్య సీటు వదలకుండానే అన్నాడు: "వరసలో రాండి సామీ. ముందు కాశమ్మక్క ఉండాది."

పోస్టుమాస్టరు నవ్వుకుంటా పోయి ఆమె ఎనకాల నిలబడినాడు.