ఇప్పచెట్టు క్రింది నిప్పు

ఫాల్గుణమాసపు ప్రాతఃకాలమున నల్లమల కోనలయందు తుషారబిందుసిక్తములై మెరయవలసిన యెండుటాకులు ఆ యేడు తెల్లవారుసరికే వేడెక్కి పెళపెళలాడుచుండెను. చైత్రాంతమునగాని వీవని వడగాలి అప్పుడే లోయలనుండి లేచి నిలువునా కాలిన వెదురుపొదల బూడిదను పెంట యనబడు చెంచుగూడెములోని పూరియిండ్లపై చల్లుచుండెను.

ఆ పెంటలో ఈరమ్మ యను వృద్ధ గలదు. ఇప్పపూవు రాలు దినములలో సాయంకాలమున చెట్టు క్రింది యాకులను కాల్చి మరునాటి యుదయమున శుభ్రమైన నేలపై పూవు నేరుకొనుట ఆమె తల్లినాటి యాచారము. ఆ మంటను మనుష్యులు ఆర్పెడివారు కారు. రాత్రి కురియు మంచే ఆర్పెడిది. కాని నగరములయందును దూరదేశములయందును తరతరములుగా మండించిన బొగ్గుయొక్కయు చమురుయొక్కయు పొగ భూమండలమునెల్ల వేడిచేయగా శీతకాలము కురుచయయ్యెను. మంచు పలుచనగుట ఈరమ్మయు చూచెను. ఏల పలుచనయ్యెనో యెరిగినవారెవ్వరును ఆ పెంటకు వచ్చి చెప్పలేదు. ఇన్నేండ్లు వచ్చినది ఈ రాత్రి రాకపోవునా యని ఆమె నిప్పు పెట్టెను.

మంచు రాలేదు. మంట మూడు కొండలు దాటెను. అడవిలో నిప్పు కాపలాదారుగా నున్న ఆమె యేకైకపుత్రుడు బయ్యన్న పచ్చికొమ్మ చేతబట్టి దానికెదురేగి మరలి రాలేదు.

పదునొకండవ దినమున విచారణాధికారి వచ్చెను. లోపలి చల్లదనము పోకుండుటకై ఇంజను ఆపనీయక జీపును ఎండుటాకుల గుట్టపై నిలిపించి, పెంటవారు పరచిన చాపను చూచి ముక్కునకు రుమాలు అద్దుకొని నిలుచుండియే మాటాడెను. ‘గిరిజనుల నిర్లక్ష్యము’ అని పట్టణముననే అచ్చొత్తించి తెచ్చిన కాగితముపై వ్రేలిముద్రకు మాత్రము చోటు వదలబడి యుండెను. ఆ ముద్ర పడినచో ఈరమ్మ ఇక అడవిలో అడుగిడరాదు. ఆ మాట ఆమెకు చదివి వినిపింపలేదు.

“నిప్పు పెట్టింది నువ్వేనా, ముసలమ్మా?”

“నేనే సారు. అబద్ధమెందుకు? మా అమ్మ పెట్టింది, మా అవ్వ పెట్టింది. ఏనాడూ చెట్టు దాటలే. ఈపారి మంచు రాలే. అది గూడ రాయి.”

“మంచుకి సమన్లు పంపమంటావా?”

డ్రైవరు ఇకిలించుచు, “ఏ కొండమీద ఉంటదో అడ్రసు చెప్పవ్వా!” అనెను.

“నవ్వుకో నాయనా. మంచు వస్తదని నేను కూచున్న. రాదని నా కొడుకు పోయిండు.”

అంతలో జీపు క్రింద, వేడెక్కిన పొగగొట్టము తగిలిన యాకులనుండి మంట లేచెను. అధికారి చాపను త్రొక్కుకొని పారిపోయెను. డ్రైవరు బండిని ముందుకు లాగెను. ఈరమ్మ కానుగకొమ్మ విరిచి వంగి, కొడుకు నేర్చిన విధముననే గాలికెదురుగా నిలిచి, మంటను కొట్టి కొట్టి ఆర్పెను.

అధికారి మరలి వచ్చి బూట్లపై బూడిద దులుపుకొని కాగితము చాచెను.

“మంచు సంగతి రాసినవా, సారు?”

“రాశాలేమ్మా, అన్నీ రాశాను. ముద్ర వెయ్యి.”

మసి యంటిన బొటనవ్రేలికి సిరా పూయ నక్కరలేకపోయెను. ముద్ర స్పష్టముగా పడెను. ఆమె చేతులు జోడించెను. ఆయన జీపెక్కి తలుపు మూసికొనెను. దాని ఇంజను వచ్చినది మొదలు ఒక్కక్షణమైనను ఆగి యుండలేదు.