మే నెలలో కదిలిన మరపడవ

పదకొండేళ్ల కిందట తిరుగుటపాలో వచ్చేసిన తన నవల, వారపత్రికలో ‘కెరటం’ అనే పేరుతో, ఎవరిదో తెలియని కలంపేరు కింద సీరియల్‌గా మొదలైందని అనూరాధ కాఫీ తాగుతూ కనిపెట్టింది.

కప్పు పక్కన పెట్టేసింది. అదే నవలను ఆర్నెల్లు కూర్చుని ల్యాప్‌టాప్‌లో తిరగరాసింది. వచ్చే వారమే అచ్చుకి వెళ్తోంది. ఇప్పుడు పుస్తకం వస్తే దొంగ అనేది తననే.

ఆ రాతప్రతి చూసినవాళ్లు ముగ్గురు. తిప్పి పంపిన సంపాదకుడు పోయి ఐదేళ్లు. భర్త ఉమాశంకర్ నిరుడు అటక సర్దాడు. అతన్నే అడిగింది.

“నాను అమ్మీసినానా? మొదటి పేజీ దాటితే కదే, అమ్మడానికి!”

అటక మీద రాతప్రతి కట్ట ఎవరూ విప్పలేదు. తాడు మీద దుమ్ము కూడా చెదరలేదు.

అనూరాధ సీరియల్ మళ్లీ చదివింది. తన ప్రతిలో మరపడవ మే నెలలో వేటకి వెళ్తుంది, వలలో శవం పడుతుంది. ఇక్కడ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉండే వేట నిషేధం తీరిన మర్నాడు, పడవకి పసుపు పూసి దింపారు. వేసవిలో మరపడవలు ఒడ్డునే ఉంటాయన్న సంగతి తనకి తిరగరాసేటప్పుడూ తట్టలేదు. తట్టేది ఎవరికి?

శ్రీకూర్మం దగ్గర చేపలు పట్టే పల్లెకారుల ఇంట పుట్టి, విజయనగరం కోట దగ్గర డీటీపీ షాపు పెట్టుకున్న సోములుకి. ఆ ముగ్గురిలో మూడోవాడు; అప్పట్లో ఆ నవల టైపు చేసింది అతనే.

ఆటో దిగి నేరుగా లోపలికి వెళ్లింది.

“కొత్త సీరియల్ చదివావా సోములూ?”

“పెళ్లి కార్డులకే తీరికలేదు మేడమ్.”

“బావుంది. కాకపోతే పసుపు పడవ వెనక కదా పూసేది? ముందు పూసినట్టు రాశాడు.”

“వెనకెవుడు పూస్తాడు మేడమ్? మూతికే. అందికే నాను అలా పెట్టినా…”

కీబోర్డు మీద అతని వేళ్లు ఆగిపోయాయి. అనూరాధ కుర్చీ లాక్కుని కూర్చుని, తిరగరాసిన నవల వచ్చే వారం అచ్చుకి వెళ్తోందని చెప్పింది.

“మీ కొత్తదాంట్లోన కూడా మే నెలేనా?” అన్నాడు.

ఆమె తల ఊపింది.

“నానే మేడమ్. నవల తిరిగొచ్చిన్నాడు కంప్యూటర్లోంచి తీసీమన్నారు. తియ్యలేకపోనాను. మేలో వేటంటే మావోళ్లు నవ్వుతారని అదొక్కటీ మార్సినాను. తరవాత ఇంకోటి. ఏడేళ్లు మార్సినాను. ఆకరికి ఏది మీదో ఏది నాదో నాకే తెలీలేదు, పంపీసినాను. పత్రికోళ్లకి ఇప్పుడే ఉత్తరం కొడతన్నాను, దొంగని నానేనని. సంతకం మీ ముందే పెడతాను. మీరు మాత్రం ఆ మే నెల తీసీండి మేడమ్.”