గేటు లోవరాజు సన్మానం

ఇంజను ఆపకుండానే బస్సును పక్కకి నిలిపి, లోవరాజు ఎదురుగా రెండుగా చీలిన రోడ్డును చూస్తూ కూర్చున్నాడు. ఎడమ దారి వెంట జీడితోట, కుడి దారి వెంట చెరకు. రెండూ ఎరిగిన దారుల్లాగే ఉన్నాయి. ఎటు పోవాలో మాత్రం తోచడం లేదు. తొమ్మిదేళ్లుగా కృష్ణదేవిపేట వైపు ఊళ్ల నుంచి పిల్లల్ని నర్సీపట్నం స్కూలుకి తెస్తున్నవి ఈ చేతులే. వెనక పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాళ్లకేం తెలుసు!

"ఎడం పక్కకన్నయ్యా," అంది నూకరత్నం, మెట్టు మీద నిలబడి. పిల్లల్ని ఎక్కించీ దించే ఆయా ఆమె.

వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా అంది ఆ మాట. లోవరాజు స్టీరింగు ఎడమకి తిప్పాడు. ముచ్చెమటలు పోసి, ఖాకీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

నలభై నాలుగేళ్ల మనిషి. పొట్టి మెడ, వెడల్పాటి నుదురు, ఎడమ కనుబొమ్మ మీంచి జుట్టులోకి పాకిన పాత కుట్ల మచ్చ. ఇరవై రెండేళ్లు నర్సీపట్నం టౌను ఫుట్‌బాల్ టీముకి స్టాపరుగా, గోలు ముందు అడ్డుగా నిలిచి ఆడాడు. గోలు కొట్టేవాళ్ల పేర్లు గోడలకెక్కుతాయి, ఆపేవాడి ఒంటికి దెబ్బలెక్కుతాయి. పైనుంచి వచ్చిన ప్రతి బంతినీ ఆ నుదుటితోనే కొట్టాడు. ఆ నుదుటి వెనకే ఇప్పుడేదో చెడింది. డాక్టరు దగ్గరికి వెళితే దానికి ఒక పేరు పెడతాడేమోనని భయపడి వెళ్లలేదు. ఇంట్లోనూ చెప్పలేదు.

ఆరు నెలల క్రితం మొదట మనుషుల పేర్లు పోయాయి. తర్వాత పాత రోజులు పోయాయి. ఇప్పుడు దారులు పోతున్నాయి. పోయిన గురువారం కాలవ వంతెన మీద ఎదురుగా లారీ వస్తుంటే, బ్రేకు ఏ కాలి కింద ఉంటుందో ఒక్క క్షణం తెలియలేదు. లారీవాడు బూతులు తిట్టి తప్పుకుపోయాడు. ఆ బూతులకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది లోవరాజుకి. చెబితే ఉద్యోగం పోతుంది, ఫీజు లేకుండా అదే స్కూల్లో చదువుతున్న కూతురు శ్రీదుర్గ చదువూ పోతుంది. చెప్పకపోతే ముప్పై ఎనిమిది మంది పిల్లలు. రాత్రి కళ్లు మూస్తే ఆ వంతెనే కనబడుతోంది.

ఈలోగా సన్మానం ఒకటి వచ్చి పడింది. లోవరాజు ఆట మానేశాడని తెలిసి, టీకొట్టు తాతాజీ ఊరంతా తిరిగి ఏర్పాటు చేశాడు. లోవరాజు ఆడిన ఏ మేచీ చూడకుండా వదలని మనిషి తాతాజీ. మేచి ఉన్న రోజు పాలు విరిగిపోయినా కొట్టు తెరిచేవాడు కాదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి స్కూలు పక్క గ్రౌండులో షామియానా కింద యాభైమంది దాకా చేరారు. వేదిక మీద స్కూలు కరస్పాండెంటు సూర్యప్రకాష్ గారు ముఖ్య అతిథి. నాలుగింటికల్లా పిల్లల్ని ఎక్కించుకోవాలి కాబట్టి బస్సు గ్రౌండు బయటే పెట్టించారు. ముందు వరసలో చివరి కుర్చీలో నల్లంచు పసుపు చీర కట్టుకున్న ఒకావిడ కూర్చుంది. సోమలమ్మ. లోవరాజుతో పాటు డిఫెన్సులో ఆడిన సింగన్న భార్య. సింగన్న పోయి ఏడాదైందట. పొద్దున్నే ఏజెన్సీ నుంచి జీపెక్కి వచ్చిందట. ఇదంతా తాతాజీ చెప్పబట్టి తెలిసింది లోవరాజుకి.

మైకు చేతికి రాగానే జనానికి పూనకం వచ్చింది. అనకాపల్లిలో తల పగిలితే తువ్వాలు చుట్టుకుని మళ్లీ దిగాడని ఒకరు. తుని ఫార్వర్డు ఒకడు ఇతన్ని చూసి కడుపునొప్పని బెంచీ మీద కూర్చుండిపోయాడని ఇంకొకరు. గేటు పడితే రైలు వెళ్లేదాకా ఎవడూ కదలనట్టు, ఇతను నిలబడితే బంతి దాటేది కాదు, అందుకే గేటు లోవరాజన్న పేరొచ్చిందని తాతాజీ. జనం విరగబడి నవ్వారు.

లోవరాజు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఒక్కటీ గుర్తుకి రాలేదు. మచ్చ ఉంది కాబట్టి కుట్లు పడే ఉంటాయి. ఎవరో చనిపోయిన మంచివాడి గురించి వింటున్నట్టుంది. మరచిన సంగతి బయటపడకుండా ఆరు నెలలుగా నేర్చుకున్న ఉపాయం ఒకటే, ఎవరేమన్నా నవ్వి తలూపడం. అలాగే ఊపుతున్నాడు.

సన్మానాల్లో పొగడ్తకి ఖర్చేముంది! తాతాజీ ఊపు మీద ఉన్నాడు. కోటవురట్ల ఫైనలు సంగతెత్తాడు. జోరువాన, కీపరు పడిపోయాడు, బంతి గోల్లైను మీదకి దొర్లిపోతోంది. మన గేటు బురదలో జారుకుంటూ వెళ్లి, ఎడంకాలితో లాగి బయటికి కొట్టాడు. కప్పు మనకొచ్చింది!

చప్పట్లు మోగాయి. లోవరాజు నవ్వి, తలూపి, చేతులు జోడించాడు.

సోమలమ్మ లేచి నిలబడింది.

"ఆ కాలు మా ఆయినదన్నా," అంది. గొంతు పెద్దది చేయలేదు. "బంతి తీసి, గోలు పోలుకి కొట్టుకొని ఇరిగిపోనాది. సచ్చేదాకా కుంటినాడు. నీకు తెల్దా? ఈపు మీదేసుకొని ఆసుపత్రికి మోసుకెల్నోడివి నువ్వే గదా."

తాతాజీ నాలిక్కరుచుకున్నాడు. తప్పు తనదేననీ, మైకు గోలలో లోవరాజుకి సరిగ్గా వినబడి ఉండదనీ సర్దబోయాడు. మంచి దారే చూపించాడు. ఔను, వినబడలేదు అంటే చాలు, అన్నీ ఎప్పట్లాగే ఉంటాయి. లోవరాజు నోరు తెరిచాడు. అప్పుడే సూర్యప్రకాష్ గారు గడియారం చూసుకుని, పిల్లలు బస్సెక్కేస్తుంటారు, త్వరగా ముగించమని అతని చెవిలో అన్నారు.

పిల్లలన్న మాటకి లోవరాజు కళ్ల ముందు వంతెన మీది లారీ కదిలింది. లేచి మైకు పట్టుకున్నాడు.

"నీ కాడ అబద్ధం ఆడనేను సోమలమ్మా. సింగన్న కాలు నాకు గుర్తు నేదు. మోసిందీ గుర్తు నేదు. తాతాజీ సెప్పిందేటీ గుర్తు నేదు."

తాతాజీ కళ్లు తుడుచుకుని, తను చేసిన గొప్ప పనులు తానే మరచిపోయేవాడే అసలైన పెద్దమనిషి అన్నాడు. అంతే, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సూర్యప్రకాష్ గారు భుజం తట్టారు. నిజం చెప్పినా నమ్మేవాళ్లు లేకపోవడం ఎంత భయంకరమో లోవరాజుకి అప్పుడే తెలిసింది.

చప్పట్లు కొట్టనిది సోమలమ్మ ఒక్కతే. వేదిక దగ్గరికొచ్చి అతని కళ్లలోకి చూసింది.

"ఎన్నాళ్ల నుంచన్నా?"

"ఆరు నెల్లు."

"పిల్లల బస్సు నువ్వే తోల్తన్నావా?"

అతను తలూపాడు.

లోవరాజు జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. కప్పిన శాలువా భుజం మీంచి జారుతుంటే సర్దుకుంటూ మెట్లు దిగి, గోడవారగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గ్రూపు ఫోటోకి కుర్చీలు సర్దే హడావుడిలో ఎవరూ గమనించలేదు. గమనించినవాళ్లు బస్సు దగ్గరికి వెళుతున్నాడనుకున్నారు.

కాసేపటికి నూకరత్నం పరుగున వచ్చింది. పిల్లలందరూ ఎక్కేశారు, డ్రైవరు రాలేదు. సూర్యప్రకాష్ గారు బల్ల వైపు చూసి ఇదేమిటని విసుక్కున్నారు. ఆమె అటు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటి సెప్పేరండీ ఆయన?"

ఏమీ గుర్తులేదన్నాడని నవ్వుతూ చెప్పారాయన.

"నిజవేనండి," అంది నూకరత్నం. "నెల్లాళ్లుగా దారి నేనే సెప్తన్నాను. బయపడి ఎవులికీ సెప్పనేదు."

నవ్వు ఆగిపోయింది. తాతాజీ మైకు కింద పెట్టేశాడు. బల్ల మీద దండలకీ మెమెంటోకీ మధ్య, ఏటికొప్పాక లక్క చిలక కట్టిన బస్సు తాళం, పట్టుకున్న చేతి చెమటతో ఇంకా తడిగా ఉంది.