చెరిపేసిన చిప్

మా బావమరిది నోరు మూసుకుని ఉంటే నాకీ నష్టం వచ్చేది కాదు. పనిచేసేవాడి పక్కన కుర్చీ వేసుకుని సతాయించడం తప్ప వాడికి వేరే విద్య రాదు.

ఆ పాత పోర్టబుల్ కంప్యూటర్‌ను తుక్కు కొట్టులో కొన్నాను. పేరుకే పోర్టబుల్, మోస్తే భుజం ఊడొస్తుంది. పాతవి సేకరించే పెద్దమనిషి ఒకాయన కొంటానన్నాడు. కాకపోతే మీట నొక్కినప్పుడల్లా అది లేచి పనిచేయాలన్నాడు. అదేమో బుద్ధి పుట్టినప్పుడే లేచేది. ఆ డబ్బు వస్తే మెట్ల కిందున్న నా రిపేరు కొట్టు వదిలేసి, నిటారుగా నిలబడగలిగే గది తీసుకోవాలని నా ఆశ. వంగి వంగి అలవాటై, ఇంట్లో గుమ్మం ఎత్తుగా ఉన్నా తల వంచుతున్నాను.

రోగం నాకు తెలిసిందే. లేవగానే ఏం చేయాలో యంత్రానికి చెప్పే ప్రోగ్రామ్ ఒక చిప్‌లో ఉంటుంది. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ. అందులోంచి అతినీలలోహిత కాంతి పడితే రాసిందంతా చెరిగిపోతుంది, మళ్లీ రాసుకోవచ్చు. ఏళ్లు గడిస్తే రాత దానంతటదే మసకబారుతుంది. కాపీ తీసి తిరగరాస్తే సరి.

"కొత్త చిప్ తెచ్చేదా బావా? పాతది దాచిపెట్టుకోవచ్చు."

"దండగ. దీన్నే చెరిపి రాస్తా."

"ఏదైనా తేడా వస్తే?"

"ఒరేయ్, నాకు పాఠాలు చెప్పేంతవాడివయ్యావా?"

బడి ఎగ్గొట్టి ఈ పని నేర్చినవాణ్ణి, నాకు పాఠాలంటే మొదట్నుంచీ పడదు. చిప్‌లు చదివే రీడర్‌లో దాన్ని పెట్టి, చిప్ రకం ఎంచుకుని కాపీ తీశాను. సరిచూడమంటే అంతా సరిపోయిందంది. ఎలా ఉందని వాడి వైపు ఓ చూపు విసిరి, చిప్‌ను కాంతి పెట్టెలో పడేశాను.

చెరిగాక తిరగరాద్దామని కళ్లజోడు పెట్టుకున్నాను. అప్పుడు కనబడింది చిప్ మీద నంబరు. నేను ఎంచుకున్న రకం కంటే దీంట్లో పట్టేది రెట్టింపు. రీడర్ సగమే చదివి, ఆ సగాన్నే సరిచూసి సరేనంది. దాని తప్పేముంది, అడిగింది చేసింది.

"ఏమైంది బావా, అలా కూర్చున్నావు?"

"సగమే ఉంది."

"మరి సగం లేస్తుందా?"

"మీ అక్కకి చెప్పావంటే చంపుతా."

వాడు చెప్పలేదు. నా మొహమే చెప్పేసింది. ఆ మోడల్ ప్రోగ్రామ్ కోసం తెలిసినవాళ్లందరినీ అడిగాను, ఎవరి దగ్గరా లేదు. చివరికి పెద్దమనిషి వచ్చి, చీకటి తెరలో తన మొహం చూసుకుని, హాల్లో బల్ల మీద అలంకారంగా పనికొస్తుందిలే అన్నాడు. రెండు వేలు ఇచ్చాడు, తీసుకున్నాను. మాట్లాడుకున్నది నలభై ఒక్క వేలు. పోయింది ముప్పై తొమ్మిది వేలు.