గోరు పెట్టని మడత

వర్ధనమ్మ కోర్టు బోనెక్కి ఆరు రోజులైంది. జడ్జి కళ్ళజోడు సవరించుకుని "చూసింది చూసినట్టు చెప్పమ్మా" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. అక్కడే ఆగిపోయింది.

ఆపింది దుర్గమ్మ. వర్ధనమ్మ నవలలో మనిషి. దుర్గమ్మ ఆ నవలను రోజూ సాయంత్రం నాలుగింటికి, నాచారంలో తన ఇంటికి రెండు సందుల అవతల, శ్యామలమ్మ మంచం పక్కన కూర్చుని పైకి చదివే మనిషి. ఇద్దరూ ఒకే మందుల ఫ్యాక్టరీలో, ఒకే బల్ల దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు ప్యాకింగ్ చేసి రిటైరయ్యారు. తర్వాత శ్యామలమ్మ చూపును షుగరు పట్టుకుపోయింది. దుర్గమ్మకు చూపైతే ఉంది కానీ, చిన్న అక్షరాలు కనిపిస్తే చాలు, చీమలు బారులు తీరినట్టు కదులుతాయి.

"ఆరు రోజులైందే వదినా," అంది శ్యామలమ్మ ఆ బుధవారం. "పాపం ఆవిణ్ణి బోనులో నిలబెట్టి ఇంటికి పోతావేంటి? కాళ్ళు పీకెయ్యవూ?"

"పీకితే పీకనీ. నేను మాత్రం సుఖంగ కూసున్ననా? ఒక్క లైను సదువుతందుకు ఫోన్‌ను ఇటు జరుపు, అటు జరుపు. తోక దొరికేటాలకు తల మరిచిపోతున్న."

ఆ పుస్తకం అచ్చులో లేదు. దుర్గమ్మ మనవరాలు గౌతమి ఎక్కడో వెతికి, పాత ప్రతి పేజీలను ఫొటోలు తీసినట్టున్న దాన్ని ఫోన్‌లో వేసి ఇచ్చింది. ఫొటో కాబట్టి అక్షరం పెంచితే పేజీ కూడా పెరుగుతుంది, సగం లైను తెర దాటిపోతుంది. కొడుకు దుర్గేష్ తన పెద్ద ట్యాబ్ ఇచ్చి చూశాడు. ఏళ్ళ తరబడి కాగితాలు మడిచి మడిచి అరిగిన మణికట్లు దాని బరువు మోయలేక రెండుసార్లు కింద పడేశాయి. మంచం మీద ఆనించుకు చదవమంటే, వంగేసరికి కళ్ళకు దూరం కుదరదు. ఫోన్ చేతే చదివించుకోవచ్చు కదా అని కూడా ఎవరో అన్నారు. శ్యామలమ్మ అర పేజీ విని చెవులు మూసుకుంది.

"ఆ గొంతు నాకొద్దే తల్లీ. పెళ్ళీ చావూ ఒకే రాగంలో చదువుతోంది."

ఇంకా అరవై రెండు పేజీలున్నాయి. ఆదివారం పొద్దున శ్యామలమ్మ కొడుకు కళ్యాణ్ కారు తెస్తాడు. అతనికి రాజమండ్రి ట్రాన్స్‌ఫర్ అయింది. తల్లినీ సామాన్లనీ తీసుకుపోతాడు. ఈలోగా వర్ధనమ్మ నిజం చెబుతుందా లేదా, ఆ మాట శ్యామలమ్మకు వినిపించి పంపాలి. దుర్గమ్మకు ఆ వారం అన్నం సయించకపోవడానికి కారణం అదొక్కటే.

మనుషులు వెళ్ళిపోతారని ఆమెకు తెలుసు. మాట మధ్యలో తెగి వెళ్ళిపోవడమే ఆమెకు పడదు.

ఆ సాయంత్రం గౌతమి ఉప్పల్‌లో ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే అంది. "నానమ్మా, నీకు మడత ఫోన్ గావాలె. మూస్తే ఫోన్, తెరిస్తే పుస్తకం. ఒక లైను మొత్తం పడ్తది. ట్యాబ్ కంటే మస్తు తేలిక."

దుర్గేష్ నాచారంలో లేత్ మిషన్ల యూనిట్‌లో పనిచేస్తాడు. ఇనుముతో పనిచేసేవాడికి సన్నటి వస్తువుల మీద నమ్మకం ఉండదు. "ఆఁ, మడత మంచం, మడత కుర్చీ అయినయి, ఇగ మడత ఫోన్! దుమ్ము పడ్డదంటే ఖతం. లోపలి తెర పోతే బాగు చేయించేకంటే ఇంకోటి కొనుక్కునుడే మేలంటరు. ఆ పైసలతోటి మంచి ఫ్రిజ్ వస్తదే అమ్మా!"

"నానమ్మ ఫ్రిజ్‌ను సదువుతదా డాడీ?" అంది గౌతమి.

"నీ నోరు ఎవలిదే గిట్ల?"

"మీ అమ్మది."

దుర్గమ్మ నవ్వలేదు. "వద్దు బిడ్డా. మడిచింది ఏదైనా మడత కాడనే పోతది. నాకు ఎరుక."

ఆమెకు ఎరుకే. ప్యాకింగ్ హాల్‌లో ఆమె పని, మందు డబ్బాలో పెట్టే లీఫ్‌లెట్‌ను మడవడం. పల్చటి కాగితం, ఎనిమిది మడతలు, ప్రతి మడత మీదా బొటనవేలి గోరు పెట్టి సర్రున ఒక గీత. రోజుకు రెండు వేల కాగితాలు. గోరు పెట్టకపోతే కాగితం పొంగుతుంది, డబ్బా మూత పడదు. చివరికి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే బస్సు టికెట్టు ఇచ్చినా, పూజారి కుంకుమ పొట్లం ఇచ్చినా మడిచి గోరుతో గీసేది.

ఆ రోజుల్లోనే భర్త కొమురెల్లి భివండీ మగ్గాల మీద పనికి పోయి, ఒక ఉత్తరం రాశాడు. ఆమెకు చదువు రాదు. అదే బల్ల దగ్గరి శ్యామలమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఇస్తే చదివి పెట్టేదే. కానీ మొగుడు పెళ్ళానికి రాసింది ఇంకొకరి నోట వినడానికి దుర్గమ్మకు సిగ్గు. "మంచిగున్నడట" అని అందరికీ చెప్పి జాకెట్టులో దాచుకుంది. దాన్ని తీసి చూసుకోవడం, మళ్ళీ మడవడం, గోరు పెట్టడం. ఏడు నెలలకు కొమురెల్లి అక్కడే జ్వరంతో పోయాడు. ఆ తర్వాతే ఆమె పంతం పట్టింది. హాల్ గోడల మీది "చేతులు కడుగుకొనవలెను" బోర్డు నుంచి మొదలుపెట్టి, బస్సుల నుదుళ్ళ మీద లాలాపేట్, తార్నాక, ఉప్పల్ అనే పేర్లు, మిర్చి బజ్జీలు చుట్టిన పేపరు ముక్కలు, అన్నీ కూడబలుక్కుని నాలుగేళ్ళకు చదవడం నేర్చుకుంది. నేర్చుకుని, ఉత్తరం తెరిచింది.

సరిగ్గా మధ్య మడత మీదున్న లైను లేదు. నూగులా రాలిపోయింది. పై లైను "నువ్వు మాత్రం" అని ఆగింది. కింది లైను "అది చాలు నాకు" అని మొదలైంది. ఆ రెంటి మధ్య ఆయన ఏమడిగాడో, ఏది చాలన్నాడో, అరిగిపోయేలా గోరుతో గీసింది తానే.

ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే గౌతమి, "ఒక్కసారి సూడు, నచ్చకపోతే వాపస్ వద్దాం," అని బతిమాలింది. అరవై రెండు పేజీలు గుర్తొచ్చి దుర్గమ్మ సరేనంది.

గురువారం సాయంత్రం ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక ఫోన్ల షాపుకు వెళ్ళారు ముగ్గురూ. నేను రాను అన్న దుర్గేషే బైక్ మీద ముందు చేరాడు. కౌంటర్లో కుర్రాడి షర్టు మీద తేజేష్ అని పేరుంది. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మామ్మగారూ, మీకోసం స్పెషల్ పీస్ ఉందండి. సరికొత్తది. బాక్స్ సీల్ ఒక్కటే తీశాం, అంతే. అందుకని రేటు తగ్గించి ఇస్తాను."

తెరిచి చేతిలో పెట్టాడు. దుర్గమ్మ దాన్ని చూడలేదు. కళ్ళు మూసుకుని, బొటనవేలి మెత్త భాగంతో మధ్య మడత మీద పై నుంచి కిందికి మెల్లగా జారవిడిచింది. కింద కొసకు రెండంగుళాల పైన వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది.

"బిడ్డా, గీడ ఏందో ఉంది."

"ఏమీ లేదండీ. అది మడత. మొదట అలాగే అనిపిస్తుంది."

"మడత నాకు తెల్వదా? మడత మొదలు నుంచి చివరి దాకా ఒక్క తీరుంటది. ఇది గీడ గుటక మింగినట్టున్నది." ఆమె ఫోన్ మూసి, పర్సులోంచి బస్సు టికెట్టు ముక్క తీసింది. మూసిన ఫోన్ రెండు రెక్కల మధ్య పైకొసన దూర్చబోయింది, పోలేదు. కింద కొసన దూర్చింది. సులువుగా లోపలికి పోయింది. "సూసినవా? ఒక కొస బిగువు, ఒక కొస వదులు. మేము డబ్బా గిట్లొస్తే తిప్పి కొట్టెటోళ్ళం. దీన్ని శానమంది తెరిసి మూసిన్రు. లోపల ఇసుక రేణువు జొచ్చింది. ఇది కొత్తది గాదు కొడుకా."

పక్క కౌంటర్లో ఛార్జర్ కొంటున్నావిడ ఛార్జర్ వదిలేసి ఇటు తిరిగింది. వెనక గదిలోంచి మేనేజర్ వచ్చి టికెట్టు ముక్కను చూశాడు, ఫోన్‌ను చూశాడు, తేజేష్‌ను చూశాడు.

"అది డిస్‌ప్లే పీస్ కదయ్యా. మూడు నెలల నుంచి షోకేసులో ఉంది. సరికొత్తదని ఎందుకు చెప్పావు?"

"సార్, తెలియక..."

"మామ్మగారి వేలికి తెలిసింది, నీకు తెలియలేదా?"

దుర్గేష్ నలుగురూ వినేలా అన్నాడు. "మా అమ్మ ప్యాకింగ్ డిపార్ట్‌మెంట్!" నిన్న ఫ్రిజ్ కొనమన్నవాడు ఇవాళ తానే మడిచినంత గర్వపడుతున్నాడు.

మేనేజర్ సీలున్న డబ్బా తెప్పించి ఆమె ముందే విప్పించాడు. దుర్గమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. మధ్యలో చిన్న పల్లం ఉంది, నిజమే. టికెట్టు ముక్క రెండు కొసల్లోనూ ఒక్కలాగే ఆగింది. అప్పుడు ఆమె ఫోన్‌ను సగం మూసి, చెవి దగ్గర కాదు, కంటి దగ్గర పెట్టి, మడత పక్కవాటున ట్యూబ్‌లైటు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నానమ్మా, ఏమైంది?"

"ఇది ఇరిగినట్టు మడత పడుతలేదే," అంది దుర్గమ్మ. "లోపల గుండ్రంగ తిరుగుతున్నది."

"అవునండి," అన్నాడు మేనేజర్. "లోపల తెర నీటి బొట్టులా వంగుతుంది. నొక్కుకుపోదు."

దుర్గమ్మకు ప్యాకింగ్ హాల్లో సూపర్‌వైజర్ చంద్రయ్య గొంతు వినిపించింది. పల్చటి లీఫ్‌లెట్‌కు గోరు పెట్టు. మందం అట్టకు గోరు పెట్టినవో, పదిసార్లకు తెగుతది. దాన్ని వంచాలె, ఇరవగొట్టొద్దు. ఎన్ని వేల అట్టలు అలా గుండ్రంగా వంచి పంపింది! ఒక్కటీ తెగి తిరిగి రాలేదు. మడిచినవన్నీ పోవు. గోరు పెట్టినవే పోతాయి. ఇన్నేళ్ళూ తన పనిలో సగమే గుర్తుపెట్టుకుని, మిగతా సగం మరిచి భయపడింది.

"ఇయ్యి," అంది. "నా డిపాజిట్‌ల నుంచి ఇస్త. నా కండ్లు, నా పైసలు."

"నాకూ ఒకటి తీసుకోరాదే అమ్మా," అన్నాడు దుర్గేష్.

"నువ్వు సూసేది కోతి వీడియోలు. వాటికి చిన్న తెరే శాన ఎక్కువ. నీ చేతుల ఇనుప రజను, రెండు రోజులల్ల దీన్ని సంపుతవు. ఇది సదివెటోళ్ళకే."

పక్క కౌంటర్ ఆవిడ ఛార్జర్ కవర్ చేత్తో పట్టుకుని, "మామ్మా, నా ఫోన్ కూడా ఒకసారి వేలు పెట్టి చూడండి," అంది. షాపంతా నవ్వింది. తేజేష్ కూడా నవ్వి, దుర్గమ్మను మెట్ల దాకా దింపాడు.

శుక్రవారం నాలుగు గంటలకు దుర్గమ్మ ఫోన్ తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. లైను మొత్తం ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, ఎక్కడా తెగకుండా కనిపించింది.

"ఏమైందే? బ్యాటరీ అయిపోయిందా?"

"లేదు వదినా. లైను సూస్తున్న."

"చూడ్డం కాదు, చదువు. ఆవిడ నోరు తెరిచి ఎనిమిది రోజులైంది, ఈగలు దూరతాయి."

వర్ధనమ్మ మాట్లాడింది. నిజమే చెప్పింది, సొంత మరిది మీద, ఊరి పెద్దల ముందే. దుర్గమ్మ గొంతు ఆమె గొంతైంది. లాయరు అడ్డు తగిలినచోట ముక్కుతో మాట్లాడింది, మరిది బెదిరించినచోట మంచం కోడు మీద చేత్తో కొట్టింది. కింద వాటాలో ఉండే శారద పప్పు గిన్నె చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. శనివారం నాటికి గుమ్మంలో నలుగురయ్యారు. సామాన్లు కట్టడానికి ఒక రోజు ముందే వచ్చిన కళ్యాణ్ కూడా టేపు చుట్ట చేతిలో పట్టుకుని సగం కట్టిన అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

ఆరుంబావుకు చివరి పేజీ వచ్చింది. తీర్పు చెప్పారు. వర్ధనమ్మ బోను దిగింది. ఎవరూ తోడు రాకపోయినా, వచ్చిన దారినే తలెత్తుకుని నడిచి పోయింది. దుర్గమ్మ ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి అవసరం లేదు, కానీ మొత్తం కనిపిస్తోంది కాబట్టి చదివింది.

శ్యామలమ్మ గాజుల చెయ్యెత్తి మంచం పట్టె మీద దభీమని కొట్టింది. "గెలిచిందే! నేను ముందే చెప్పాను కదా, గెలుస్తుందని!"

"నువ్వెప్పుడు జెప్పినవ్? ఊకుంటదని అన్నవు!"

"అది మూడో అధ్యాయంలో. ఎవరికైనా మూడో అధ్యాయంలో ఏం తెలుస్తుంది?"

గుమ్మంలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. వర్ధనమ్మకో, దుర్గమ్మకో, ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున కారులో శ్యామలమ్మను కూర్చోబెట్టాక దుర్గమ్మ కిటికీలోంచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇలాంటప్పుడు ప్రతిసారీ చెప్పాల్సింది మింగేసేది. ఈసారి మింగడానికి ఏమీ మిగల్లేదు. పేజీలన్నీ అయిపోయాయి.

"రాజమండ్రిలో నాలుగంటే నాలుగే," అంది శ్యామలమ్మ. "ఫోన్ చెయ్యి. కొత్త పుస్తకం. ఈసారి ఎవరినీ బోనులో నిలబెట్టకు."

"నువ్వు మధ్యల అడ్డం మాట్లాడకుంటే నిలవెట్ట."

కారు సందు తిరిగి హబ్సిగూడ వైపు పోయింది. దుర్గమ్మ ఇంటికొచ్చి, కొత్త పుస్తకం మొదటి పేజీ తెరిచి చూసి, ఫోన్ మూసింది. మూస్తూనే, ఎప్పటి అలవాటో, బొటనవేలి గోరు మడత మీదికి లేచింది.

ఆమె ఆ వేలిని అక్కడే ఆపి, మెత్తవైపు తిప్పి, మడత మీద ఒక్కసారి నిమిరింది.