అలల్లేని చోటు

మా ఆయన అమర్నాథ్‌కి ఈత బాగా వచ్చన్న సంగతి గురజాలలో తెలియనివాళ్ళు లేరు. సాగర్ కాలవలో ఈదుతూ పెరిగిన మనిషి. ఆ గర్వంతోనే కార్తీకమాసంలో ఓ ఆదివారం పొద్దున్నే మమ్మల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్ళాడు. జనమంతా పోలీసులు పాతిన జెండాల మధ్య అలల్లో మునుగుతుంటే ఈయనకు నచ్చలేదు.

"ఆ తోపులాటలో ఏం మునుగుతాం? అటు చూడు, అలే లేదు. నీళ్ళు చానా నిదానంగా ఉన్నాయి," అన్నాడు.

"జెండాల కాడే దిగమని మైకులో అరుస్తున్నారుగా!"

"నీళ్ళ సంగతి నాకు చెప్పొచ్చావా నువ్వు?"

కాలవ దగ్గర మేమంతా అంతే, నీళ్ళు నిదానంగా ఉన్న చోటు చూసుకునే దిగుతాం. ఆయన చెప్పిందీ నిజమే అనిపించింది. కానీ ఆ మాట తీరుకు ఒళ్ళు మండి, మూతి ముడుచుకుని ఒడ్డునే కూర్చున్నాను. ఎనిమిదేళ్ళ మా వెన్నెల నాన్న మెడ పట్టుకుని నవ్వుతూ దిగింది.

అల లేని చోటే సముద్రం లోపలికి లాగుతుందని మాకేం తెలుసు? సంచీలో తువ్వాలు వెతికి తలెత్తేసరికి ఇద్దరూ ఎక్కడో ఉన్నారు. ఆయన ఒడ్డుకేసి ఈదుతున్నాడు. ఎంత ఈదినా వెనక్కే పోతున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

బీచి పోలీసు ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. "ఎదురీదొద్దు! కుడి పక్కకి!" అని అరిచాడు.

మా ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరి కుడి? మా ఇంట్లో కుడీ ఎడమా ఎవరూ అనరు. ఉప్పు డబ్బా కావాలన్నా తూర్పు గోడకుందనే చెప్తాం. సముద్రం వైపు తిరిగి అరుస్తున్న పోలీసుకి కుడి అంటే దక్షిణం.

"ఏమయ్యో! దక్షిణానికి! దక్షిణానికి ఈదు!"

పత్తిచేను ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసే గొంతు నాది. ఆ గొంతంటేనే ఆయనకు చిరాకు. నేను పిలిస్తే వినపడనట్టు పోవడం ఆయనకు అలవాటు. దేవుడా, ఈ ఒక్కసారికి విననీ అని ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ అరిచాను.

తల తిప్పాడు. బిడ్డను వీపు మీదకు లాక్కుని దక్షిణానికి మళ్ళాడు. కొంత దూరం ఈదాక అలలు తగిలాయి. అవే ఇద్దర్నీ ఒడ్డుకేసి తోస్తుంటే, పోలీసు ఎదురెళ్ళి పట్టుకున్నాడు.

వెన్నెల దగ్గి దగ్గి ఉప్పునీళ్ళు కక్కింది. ఆయన ఇసుకలో కూలబడ్డాడు. ఎన్ని తిట్లు నోటిదాకా వచ్చాయో! ఇద్దర్నీ వాటేసుకుని బోరుమన్నాను.

"నీ గొంతొక్కటే వినపడిందే," అన్నాడు.

పిల్లలకు భయం ఎంతసేపు? కాసేపటికి వెన్నెల నాన్న భుజం కుదిపింది. "నాన్నా, మళ్ళీ దిగుదామా?"

ఆయన నా వైపు చూశాడు. "నన్నడగమాక తల్లీ. మీ అమ్మనడుగు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు.

"కాళ్ళు తడిసేదాకానే. నా పక్కనే ఉండాలి, ఇద్దరూ," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని లేచాడు.