తాహితికి పప్పుగుత్తి

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఇంకొంచెం, నా మోకాలికి ఆనుకుని కూర్చో, వీరలక్ష్మి మనసులో ఆ ఉదయం తిరిగిందంతా ఉన్నదున్నట్టు చెబుతాను, స్టవ్వు కూడానా అనుకుంటోంది ఆమె, సముద్రం మధ్య దీవికి కూడా కిరసనాయిలు స్టవ్వేనా, పెరట్లో మంచం మీద అప్పడాలు ఆరబెడుతోంది, అది డెబ్బై మూడో సంవత్సరం, మదీనాగూడ దాటాక ఫ్యాక్టరీ క్వార్టర్సు, ముందు గదిలో భర్త భీమేశ్వరరావు ప్రపంచ పటం పరిచి తాహితి మీద వేలు పెట్టి వాళ్లమ్మకు వివరిస్తున్నాడు, ఓడలో ఇంజనీరైన తమ్ముడు మా ఇద్దరికీ చోటిప్పిస్తానన్నాడమ్మా, పొద్దున్నే ఈత, ఎండెక్కితే కొబ్బరిచెట్ల నీడన నిద్ర, సాయంత్రం తెడ్లేసుకుంటూ పడవ, మర్నాడు కొండెక్కడం, ఒళ్లు వంగాలి, మనసు తేలిపోవాలి, అదీ సెలవంటే, ఈత అంటే వీరలక్ష్మికీ వచ్చు, పెళ్లికి ముందు గోదావరి కాలవలో అవతలి గట్టు ముట్టుకొచ్చేది, నాన్న చింతబరికె పట్టుకుని ఇవతల నిలబడేవాడు, ఆ చల్లదనం ఇప్పటికీ మోకాళ్ల వెనక ఉంది, అక్కడ ఎవరు చూడొచ్చారు, కుచ్చిళ్లు దోపుకుని దిగితే, ఇంతలో లోపలి నుంచి కేక, వీరలక్ష్మీ, గోంగూర పెద్ద జాడీలో పెట్టు, కందిపొడి, పప్పుగుత్తి మరిచిపోకు, అక్కడివాళ్లకు చేపలు తప్ప తెలియవట, మనం ఈదొచ్చేసరికి కడుపు నకనకలాడిపోతుంది, మనం అన్నాడు, ఎంత సుళువుగా అన్నాడు, ఈదేవాళ్లెవరో వండేవాళ్లెవరో ఆ ఒక్క మాటలో కలిసిపోయారు.

గేదెను తోలుకొచ్చి పెరట్లోనే పాలు పితికే రుక్కమ్మ అంతా విని నవ్వుతోంది, ఏందమ్మ, గంత దూరం బోయి గూడ పప్పే ఎనుపుతవా, గా దానికి ఓడెందుకు, మా గుట్ట మీద మూడు రాళ్లు పెట్టిస్త, రా, వీరలక్ష్మికి నవ్వొచ్చింది, కాలవ ఈదినదానివి, నీగ్గూడ ఈత వస్తదని సారుకు చెప్పరాదు అంటోంది రుక్కమ్మ, చెబితే ఏమంటాడో తెలియదా, ఎవరొద్దన్నారు, వంటయ్యాక ఈదు అంటాడు, వంటెప్పుడైంది గనక, వంటయ్యాక అంట్లు, అంట్లయ్యాక కాఫీ, అప్పుడే ఆయన పెరట్లోకొచ్చి గొంతు తగ్గించాడు, రుక్కమ్మ గేదె పొదుగు వైపు తల తిప్పుకుంది, చూడూ, నీ రోజులు ఎప్పుడో లెక్క చూసి చెప్పు, నువ్వు బయట కూర్చునే మూడు రోజులూ అక్కడ పడకూడదు, ఇక్కడైతే అమ్మ వండుతుంది, అక్కడ ఎవరున్నారు.

ఆ మూడు రోజులు, వెనక వసారా చివర చాప, విడి చెంబు, విడి కంచం, అత్తగారు అన్నం పైనుంచి వేసి పోతుంది, కొత్తలో ఏడ్చింది, కుక్కకు వేసినట్టు వేస్తారేమిటని, రానురాను నెలంతా ఆ చాప కోసమే ఎదురుచూడటం మొదలైంది, ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఎవరూ పిలవరు, పగటిపూట కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, రాళ్లగుట్టల మీద మబ్బు కదలడం చూడొచ్చు, నసీబున్నదానివమ్మ, మాకు గా మూడొద్దులు గూడ లెవ్వు, బర్రె ఆగుతదా అంటుంది రుక్కమ్మ ఎప్పుడూ, నసీబా ఇది, మైల అని దూరం పెడితే తప్ప ఒంటికి ఊపిరాడకపోవడం నసీబా, పన్నెండు నెలలూ తను తీసుకున్న విశ్రాంతి అంతా అంటరానితనం పేరుమీదే తీసుకుంది, ఇప్పుడు ఆయనగారి సెలవు కోసం అది కూడా వదులుకోవాలి, దేశాలు దాటి వెళ్లి ఇక్కడున్నపాటి విశ్రాంతి కూడా లేకుండా వండాలి, సెలవు ఆయనది, తను సామాను.

పడతాయండీ, అంది, ఎప్పుడు బయల్దేరినా పడతాయి.

ఆయన లోపలికెళ్లి పటం మడిచాడు. రేపు నువ్వు ఇంకెవరికైనా ఈ కథ చెప్పేటప్పుడు, వెళ్లలేదు పాపం అని మాత్రం అనకు తల్లీ, లెక్క చూడకుండానే చెప్పిందని చెప్పు.